శీర్షిక రేపు చెబుతాను

బడి నుంచి పంతులమ్మ ఇంటికి దగ్గరి దారి ఒకటుంది. ప్రహరీ గోడ వెంట నడిచి, మిషను కుట్టే ఆవిడ కొట్టు దాటి, సందు మలుపు తిరిగితే ఆరు నిమిషాలు. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ ఆ దారిన వెళ్ళడం లేదు. పెద్ద వీధి చుట్టూ తిరిగి పావుగంట నడిచి ఇల్లు చేరుతుంది. ఎవరైనా అడిగితే నడక ఒంటికి మంచిదంటుంది. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక కూడా అదే మాట అంటోంది కాబట్టి, వినేవాళ్ళు నమ్మడం మానేశారు.

ఆ దగ్గరి దారిలో ఒక ఇల్లుంది. రెండు గదులు, నీలం తలుపు, వీధివైపు రెండు కిటికీలు. ఆ ఇల్లు రాగానే బడిపిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పరుగు తీస్తారు. అది ఏడుపులు మింగే ఇల్లట. దాని ముందు నిలబడి ఏడిస్తే గొంతు అక్కడే ఉండిపోతుందట. నీకెవరు చెప్పారని అడిగితే ఏ పిల్లా సరిగ్గా చెప్పలేదు. అందరికీ ఎవరో చెప్పారు. ఆ ఎవరో ఎవరన్నది మొత్తం వీధిలో పంతులమ్మ ఒక్కదానికే తెలుసు, ఎందుకంటే దానికి మూలం ఆవిడే.

ఈ ఏడాదితో ఆవిడ ఉద్యోగం ముగుస్తుంది. తర్వాత ఇటువైపు రావలసిన పనే ఉండదు. ఆ ఇంట్లో ఉన్న మనిషికి డెబ్బై దాటాయి. ఇద్దరిలో ఎవరో ఒకరు పోయేలోగా ఆ గుమ్మం ఎక్కి ఒక మాట చెప్పుకోవాలి. ఆ సంగతి ఆవిడకు ఎవరూ గుర్తు చెయ్యనక్కర్లేదు. ఇంటిపని రేపు చేస్తామన్న పిల్లలను బెంచీ ఎక్కించే ఈ మహాతల్లి, తన పనిని మాత్రం ఇరవై ఆరేళ్ళు రేపటికి నెట్టుకుంటూ వచ్చింది.

ఇదంతా విని ఆవిడ చెడ్డమనిషి అనుకునేరు. కాదు. వయసులో ఉన్నప్పుడు ఆవిడలా భాష చెప్పేవాళ్ళు చుట్టుపక్కల లేరు. అలంకారాలు చెప్పాల్సి వస్తే పుస్తకం మూసేసి, మీ అమ్మ మిమ్మల్ని ఏమని తిడుతుందో రాసుకురండర్రా అనేది. మర్నాటికి పిల్లలు తిట్లు మోసుకొచ్చేవారు. జిడ్డులా పట్టుకున్నావని ఒక అమ్మ, నోరు కాదది చిల్లుడబ్బా అని ఒక అమ్మ, లక్షసార్లు చెప్పానని ఒక అమ్మ. ఇది ఉపమ, ఇది రూపకం, ఇది అతిశయోక్తి అంటూ ఆ తిట్లనే బోర్డు మీద వరసగా నిలబెట్టేది. పరీక్షలో తప్పిన మొద్దులు కూడా ఆ మూడూ జన్మలో మరిచిపోలేదు.

వివరించి రాయడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆవిడ చెయ్యి బిగుసుకునేది. సైకిలే చూడనివాడికి పంక్చరు ఎలా వేస్తారో అర్థమయ్యేలా రాయండి అనేది. అందులో ఒక్క పోలిక దొర్లినా మార్కు కోసేది. ఎదుటివాడికి తెలియాలని రాసేది వేరు, ఎదుటివాడు ఊగిపోవాలని రాసేది వేరు అని రోజూ ఒకసారైనా అనకుండా పాఠం ముగించేది కాదు.

ఇక ప్రచారం పాఠం. జనాన్ని మాటలతో ఎలా తిప్పుతారన్నది ఆ పాఠం. పుస్తకంలో పెద్దపెద్ద పేర్లుండేవి. ఆవిడ వాటికి వాడుక పేర్లు పెట్టుకుంది: మనిషికి పేరు తగిలించడం, అందరూ అటే పోతున్నారనడం, పెద్దమనిషి చేత చెప్పించడం, భయపెట్టడం. చివరిది, అన్నిటికన్నా కష్టమైనది, నిజాలు ఏరి పేర్చడం. ఒక్క అబద్ధం కూడా ఆడకుండా అబద్ధం చెప్పడమన్నమాట.

ఈ పాఠానికి ఆవిడకో అలవాటుండేది. ముందుగా బోర్డు మీద ఒక నమూనా రాసేది. పైన జానెడు చోటు ఖాళీగా వదిలేది. "శీర్షిక రేపు చెబుతాను" అనేది. ఇది మంచి రాతో, మాయ రాతో ఇవాళ రాత్రి మీరే తేల్చుకురావాలి. మందు పేరు ముందే చెబితే రోగం ఎవరు పట్టుకుంటారు? పిల్లలు నోటుబుక్కుల్లో కూడా పైన నాలుగు గీతలు వదిలి ఎక్కించుకునేవారు. పై అధికారి ఒకాయన ఈ పద్ధతి చూసి మెచ్చుకుని కూడా వెళ్ళాడు.

ఇరవై ఆరేళ్ళ కిందట, ఆ ఏడాది నమూనాకి ఏం రాయాలా అని కిటికీలోంచి చూస్తే, గోడ అవతల నీలం తలుపు కనబడింది. అది జోలమ్మ ఇల్లు. ఉద్యోగాలకు వెళ్ళే తల్లులు పొద్దున పిల్లలను అక్కడ దింపి సాయంత్రం తీసుకెళ్ళేవారు. అసలు పేరు ఎవరికి కావాలి, ఎలాంటి మొండి పిల్లనైనా భుజాన వేసుకుని ఏదో గొణుగుతూ ఊపితే అయిదు నిమిషాల్లో నిద్రపోయేది కాబట్టి జోలమ్మ అయింది. పంతులమ్మ కూతురు, నాలుగేళ్ళ పాప కూడా అక్కడే ఉండేది. జోలమ్మ మంచితనం గురించి ఆ వీధిలో రెండో మాట లేదు. అందుకే ఆవిడ ఆ ఇంటిని ఎంచుకుంది. ఎవరూ నమ్మలేని దాని మీద రాస్తే కిటుకు బయటపడుతుంది, పిల్లలు నవ్వుతూ నేర్చుకుంటారు అనుకుంది. సుద్దముక్క తీసుకుని ఒక్క ఊపులో రాసేసింది.

"మన వీధిలో ఒక ఇల్లుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా దాని కిటికీలు మూసి ఉంటాయి. లోపల పదకొండు మంది పసిపిల్లలు ఉంటారు. ఆ ఇంటావిడ ప్రతి సోమవారం మందుల షాపులో ఒక గోధుమరంగు సీసా కొంటుంది. ఆ ఇంట్లోంచి ఏడుపు విన్నవాళ్ళు ఎవరూ లేరు. తల్లులారా, ఆ ఇంట్లో పిల్లలు ఎందుకు ఏడవరు?"

ప్రతి మాటా నిజమే. కిటికీలు మూసేది వీధి దుమ్ముకి. సీసా వెనకగదిలో మంచం పట్టిన జోలమ్మ తల్లి దగ్గుకి. పిల్లలు ఏడవనిది, ఏడవాల్సిన అవసరం రాక. తరగతిలో నలభై రెండు మందీ పడీపడీ నవ్వారు. వాళ్ళలో సగం మంది ఆ ఇంట్లో పెరిగినవాళ్ళే. నవ్వుతూనే అందరూ రాసుకున్నారు. ఆ నవ్వు మాత్రం నోటుబుక్కుల్లోకి ఎక్కలేదు.

ఆ రాత్రి వాన దంచి కొట్టింది. బడి వెనకగోడ కూలింది. బాగుచేసేదాకా బడి తెరిచేది లేదన్నారు, అయిదు రోజులు సెలవు. నలభై రెండు ఇళ్ళల్లో నలభై రెండు నోటుబుక్కులు, పైన నాలుగు గీతల ఖాళీతో, భోజనాల దగ్గరా మంచాల మీదా అయిదు రోజులు పడి ఉన్నాయి. పంతులమ్మ చెప్పిందట, పంతులమ్మే బోర్డు మీద రాసిందట అని పిల్లలు చెప్పారు. అది అబద్ధం కాదు కదా.

మూడో రోజు కూరగాయల కొట్టు దగ్గర మిషను కుట్టే ఆవిడ పలకరించింది. మీ పాప కూడా అక్కడేగా ఉంటుంది అని, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, ఆ చివరి ప్రశ్న పొల్లు పోకుండా అప్పజెప్పింది. పంతులమ్మ నవ్వేసింది. అయ్యో, అదంతా పాఠమమ్మా అంది. పాఠమైతే మాత్రం ఊరికే రాస్తారా, నిప్పు లేనిదే పొగ వస్తుందా అంది ఆవిడ.

అప్పుడు పంతులమ్మ ఏం చెయ్యాలి? సంచీ అక్కడ పడేసి ఇల్లిల్లూ తిరగాలి. తిరగలేదు. సోమవారం బడి తెరవగానే శీర్షిక రాస్తే అదే సర్దుకుంటుంది అనుకుంది. ఇంకో సంగతి కూడా దాచకూడదు. తను రాసిన ఆరు వాక్యాలు ఊరి నోట్లో అక్షరం చెదరకుండా తిరుగుతున్నాయంటే ఆవిడకు లోపల కాస్త గర్వంగానే అనిపించింది. దాన్ని తలచుకున్నప్పుడల్లా ఇప్పటికీ ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

సెలవైనా దిద్దవలసిన పేపర్లు కుప్పగా ఉన్నాయని పాపను జోలమ్మ ఇంటికే పంపుతోంది. నాలుగో రోజు మధ్యాహ్నం రెండింటికి, ఎర్రసిరా అయిపోయిందని కొనడానికి బయలుదేరింది. దగ్గరి దారే. నీలం తలుపు ముందు అడుగు ఆగింది. కిటికీలు మూసి ఉన్నాయి. లోపల పదకొండు మంది పిల్లలున్నారు. చప్పుడు లేదు. రోజూ ఉండే నిశ్శబ్దమే అది. రోజూ దాన్ని విని, నా తల్లి ఎంత హాయిగా పడుకుందో అనుకుంటూ వెళ్ళేది. ఆ రోజు అలా అనిపించలేదు. ఆ మూసిన చెక్కల వెనక నుంచి తన వాక్యమే తనను అడుగుతున్నట్టు అనిపించింది. అది అబద్ధమని ఆవిడకు తెలుసు. అది ఎలా కట్టారో, ఏ ఇటుక ఎక్కడ పెట్టారో తెలుసు. తెలిసినా ముందుకు వెళ్ళలేకపోయింది.

తలుపు తట్టింది. జోలమ్మ పెదవుల మీద వేలుంచుకుని తలుపు తీసింది. చాపల మీద పిల్లలు వరసగా పడుకుని ఉన్నారు. పాపను భుజం పట్టి కుదిపితే వెంటనే లేవలేదు. నిద్రలో ఉన్న ఏ పిల్లయినా అంతే, కానీ ఆ రెండు క్షణాల్లో పంతులమ్మ ప్రాణం పైకి వెళ్ళి కిందికి వచ్చింది. లేపి చంకనేసుకుంది. ఆడపడుచు వస్తోంది అక్కా, రేపటి నుంచి పాప ఇంట్లోనే ఉంటుంది అని నోటికొచ్చిన అబద్ధం చెప్పింది. జోలమ్మ ముఖంలో రంగు మారింది. ఎందుకని అడగలేదు. గౌన్లు మడతపెట్టి, సంచిలో సర్ది, చేతికిచ్చింది.

సాయంత్రం మొగుడు సంగతంతా విన్నాడు.

"నువ్వు రాసింది నువ్వే నమ్మావా?" అన్నాడు.

ఆవిడ నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అప్పటిదాకా ఊళ్ళో సగం మందికి సందేహమే. పంతులమ్మ పట్టపగలు తన పిల్లను ఎత్తుకుపోయిందని తెలిశాక ఇక సందేహానికి చోటు లేదు. పెద్దమనిషి చేత చెప్పించడమంటే ఏమిటో పిల్లలకు ఆవిడ ఎన్నోసార్లు చెప్పింది. ఆ పెద్దమనిషి ఈసారి తనే అయింది. సోమవారం బోర్డు మీద పెద్ద అక్షరాలతో శీర్షిక రాసింది: "నిజాలతో అబద్ధం ఆడటం ఎలా". పిల్లలు బుద్ధిగా ఎక్కించుకున్నారు. ఆ నాటికి జోలమ్మ ఇంట్లో ముగ్గురు మిగిలారు. శుక్రవారానికి ఒక్కరూ లేరు.

ఎవరూ ఆ ఇంటి మీద రాళ్ళు వెయ్యలేదు, ఎవరూ తిట్టలేదు. అందరూ మర్యాదస్తులు. అత్తగారు వచ్చిందని ఒకరు, పిల్లకు ఒంట్లో బాగాలేదని ఒకరు చెప్పి తీసుకెళ్ళారు. జోలమ్మ తల్లి ఆ ఏడే పోయింది. జోలమ్మ బట్టల కొట్టువాళ్ళ దగ్గర చొక్కాలు తెచ్చుకుని గుండీలు కుట్టుకుంటూ బతికింది. కిటికీలు ఇక పొద్దున కూడా తెరవలేదు. ఆ మూసిన కిటికీలను చూసి పెరిగిన పిల్లలు ఏడుపులు మింగే కథ అల్లుకున్నారు. వాళ్ళ పిల్లలు దానికి పరుగు కలిపారు.

పంతులమ్మను ఆ ప్రశ్న వదల్లేదు. బస్సులో ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటూ ఉంటే అందులో వినబడేది. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయికి పక్కింటామె జాగ్రత్తలు చెబుతూ ఆ మాటే చెప్పేది. ఒకసారి సాక్షాత్తూ ఆవిడకే చెప్పారు, మీకు తెలియదేమో అంటూ. రాసినవాళ్ళ పేరు ఎప్పుడో రాలిపోయింది, వాక్యం మాత్రం నిక్షేపంలా ఉంది. ఇంట్లో పాప నిద్రపోతున్నప్పుడు చప్పుడు లేకపోతే వెళ్ళి ముక్కు దగ్గర వేలుపెట్టి చూసేది. పాపకు పదేళ్ళు వచ్చాక కూడా చూసేది. పాప ఇప్పుడు ముప్పై ఏళ్ళది, పోస్టాఫీసులో పని చేస్తోంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలోకి అడుగు పెట్టాలంటే పంతులమ్మకు ఇప్పటికీ కాళ్ళు రావు.

ప్రచారం పాఠం మళ్ళీ చెప్పలేదు. మీరే చదువుకోండి, పరీక్షలో రాదు అని దాటేసేది. ఈ ఏడాది ప్రశ్నపత్రం మార్చారు, దానికి పది మార్కులు పెట్టారు. చెప్పక తప్పలేదు. జనాన్ని తిప్పడానికి రాసిన రాతలు ఇంట్లో ఏమున్నా పట్టుకురండి అంది. సబ్బు కాగితాలు, సినిమా కరపత్రాలు వచ్చాయి. రెండో బెంచీలో అమ్మాయి అట్ట చిరిగిన పాత నోటుబుక్కు తెచ్చింది. వాళ్ళమ్మదట. బడి గోడ కూలిన ఆ సెలవుల్లోనే చదువు మానిపించారట, అందుకని బుక్కు అక్కడితో ఆగిపోయిందట. అమ్మాయి లేచి చక్కగా చదివింది. మొదటి వాక్యానికే అది తన రాతేనని పంతులమ్మకు తెలిసింది.

ఎవరూ నవ్వలేదు. చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి వెనక బెంచీలో ఒక పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇదంతా నిజంగా జరిగిందట టీచర్. మా అమ్మ చెప్పింది," అంది చదివిన అమ్మాయి. "పైన పేరు లేదు. ఎవరు రాశారో అమ్మకీ గుర్తులేదట."

పంతులమ్మకు ఆ క్షణంలో ఎన్నో జవాబులు తోచాయి. అన్నీ బాగున్నాయి, అన్నీ తప్పించుకునేవే.

"నేనే రాశాను," అంది.

ఆ పీరియడూ, తర్వాత పీరియడూ ఆవిడ మాట్లాడుతూనే ఉంది. లెక్కల మాస్టారు గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళి కాగితం తీసుకుంది. జోలమ్మకు నోటితో చెప్పబోతే మాటలు సోకు చేసుకుంటాయని భయం. అందుకని రాసి చదవాలనుకుంది, పంక్చరు వ్యాసంలాగా, పోలికలు లేకుండా. మొదటిసారి రాస్తే "నోటుబుక్కులు ఇళ్ళకు చేరాయి" అని వచ్చింది. ఎర్రకలం తీసి పక్కన రాసుకుంది: ఎవరు పంపారు? రెండోసారి వానతో మొదలైంది. దాన్నీ కొట్టేసింది. వాన ఏం పాపం చేసిందని. మూడోసారి ప్రతి వాక్యం "నేను"తోనే మొదలైంది. బాగుందో లేదో చూసుకోలేదు.

మర్నాడు బడి వదిలాక దగ్గరి దారిన నడిచింది. నీలం తలుపు రంగు వెలిసి బూడిదలా ఉంది. తట్టింది.

"ఎవరూ?" అంది లోపలి గొంతు.

"నేనక్కా. బడి పంతులమ్మని."

తలుపు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. జోలమ్మ చిక్కి సగమైంది. కుర్చీలోని చొక్కాల కట్ట తీసి కింద పెట్టి, కూర్చోమంది. తను చాప మీద కూర్చుని, ఆపిన గుండీ మళ్ళీ అందుకుంది. పంతులమ్మ కాగితం విప్పి చదివింది. నేను ఆరు వాక్యాలు రాశాను. నేను శీర్షిక ఆపాను. నేను ఊళ్ళో విని కూడా నవ్వాను. నేను నీ గుమ్మం ముందు నిలబడి భయపడ్డాను. నేను నా బిడ్డను తీసుకెళ్ళాను, నీకు అబద్ధం చెప్పాను. అక్షరాలు అలుక్కుపోతుంటే ఆగి, కళ్ళు తుడుచుకుని, చివరిదాకా చదివింది.

జోలమ్మ ఎవరి ఇంటి సంగతో వింటున్నట్టు విన్నది. దారం ముడివేసి పంటితో కొరికింది.

"ఆ రాతేదో నాకు తెలీదమ్మా," అంది. "చదువురానిదాన్ని, నాకెవరు చెబుతారు? నేను వేరే అనుకున్నాను."

ఏమనుకున్నావని పంతులమ్మ అడిగింది.

"మీరు పాపను తీసుకెళ్ళిన ముందురోజు, పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళ గిన్నె పట్టుకోబోయింది పిల్ల. గబుక్కున వెళ్ళి చేతి మీద ఒక్కటేశాను. ఏ పిల్లనీ అంతకుముందు కొట్టలేదు. పెద్దగా ఏడ్చింది. ఎత్తుకుంటే ఊరుకుంది." జోలమ్మ తన కుడిచేతిని తిప్పి చూసుకుంది. "ఇంటికెళ్ళి మీతో చెప్పిందనుకున్నాను. మీరు అందరికీ చెప్పారనుకున్నాను. పరాయి బిడ్డ మీద చెయ్యి చేసుకున్నదాని దగ్గర పిల్లల్ని ఎవరుంచుతారు, సరిగ్గానే చేశారు అనుకున్నాను. అందుకే ఎవర్నీ ఎందుకని అడగలేదు."

పంతులమ్మ కాగితం మడిచింది. అందులో ఎన్ని నేనులు రాసినా ఈ ఇరవై ఆరేళ్ళు లేవు. ఈ మనిషి ఒక్క దెబ్బను పట్టుకుని, అదే తన నేరమనుకుని, కిటికీలు మూసుకుని కూర్చుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. ఆరు నిమిషాల దూరంలో ఉండి అనుకోలేదు.

"అయితే పాప నా మీద ఏమీ చెప్పలేదా?" అంది జోలమ్మ.

"లేదక్కా. ఒక్క మాట చెప్పలేదు." రాసుకొచ్చిన దాంట్లో లేనిది, మొగుడితో కూడా ఎన్నడూ ఎత్తనిది, అప్పుడు ఆవిడ నోటి నుంచి వచ్చింది. "నీ దగ్గరికి తీసుకెళ్ళమని ఏడ్చింది. పొద్దున లేస్తూనే చెప్పులు వేసుకుని గుమ్మంలో కూర్చునేది. తొమ్మిది రోజులు ఏడ్చింది. పదో రోజు అడగడం మానేసింది."

జోలమ్మ సూదిని చొక్కాకు గుచ్చి పక్కన పెట్టింది.

"ఎన్ని రోజులన్నారు?"

"తొమ్మిది."

మళ్ళీ ఒకసారి మొదటి నుంచి చెప్పమంది. పంతులమ్మ కుర్చీ దిగి, చాప మీద ఆమె పక్కన కూర్చుని, చెప్పుల దగ్గర నుంచి మళ్ళీ చెప్పింది.